రెండో నాబు కథాకమామిషు

ఎలక్ట్రిక్ గిటారు కొన్న ప్రతివాడూ మొదటి వారంలో ఆ రెండో నాబును ఓసారి అటూ ఇటూ తిప్పి చూస్తాడు. తగ్గించేకొద్దీ గిటారు గొంతు మొద్దుబారిపోతుంది. "ఇదెందుకొచ్చిన గొడవ" అనుకుని పది దాకా తిప్పేసి, ఇక దాని మొహం చూడడు. వాల్యూం నాబుకి రోజూ పనే. టోను నాబు మాత్రం అక్కడలా పడి ఉంటుంది. అది పాడైన సంగతి కూడా ఏ ఆర్నెల్లకో తెలుస్తుంది. అదీ ఎవరో స్నేహితుడు గిటారు చేతిలోకి తీసుకుని తిప్పి, "ఇదేంట్రా, పనిచెయ్యట్లేదు?" అన్నప్పుడు.

అలా పాడైన టోను నాబు గురించే ఇవాళ్టి కబుర్లు. మీకు గిటారు వాయించడం రాదంటారా? ఏం ఫర్వాలేదు, లియో ఫెండర్‌కీ రాదు. లోకంలో లెక్కలేనన్ని గిటార్లు ఇవాళ్టికీ ఆయన నమూనాలు చూసే తయారవుతున్నాయి. ఆయనేమో కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసుకుంటూ బతికిన మనిషి. 1950లో మార్కెట్‌లోకి తెచ్చిన చెక్కపలక లాంటి గిటారు తర్వాత టెలికాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. రెండూ ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉన్నాయి.

రేడియో దుకాణం నుంచి వచ్చినవాడు గిటారు లోపల ఏం పెడతాడు చెప్పండి? రేడియోలో ఉన్నదే పెడతాడు. ఒకప్పుడు మన ఇళ్ళల్లో గోడ బల్ల మీద కూర్చుని వార్తలు చెప్పిన వాల్వు రేడియోలకీ టోను నాబు ఉండేది. చాలా వాటిలో దాని వెనక ఉన్నది ఒక పాట్ (తిప్పితే కరెంటుకు అడ్డు పెరిగి తగ్గే భాగం), ఒక కెపాసిటర్, అంతే. కెపాసిటర్‌నే పాతకాలపు మెకానిక్కులు కండెన్సర్ అంటారు. గిటార్లోనూ ఉన్నది అంతే. ఫెండర్ కంటే ముందే, 1936లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-150కి కూడా వాల్యూం, టోను నాబులు రెండూ ఉన్నాయి. రేడియో పని తెలిసినవాడికి గిటారు లోపల చూపిస్తే "ఇంతేనా?" అంటాడు. ఇంతే! అయినా ఇందులో తప్పు పట్టుకోలేక కుర్రాళ్ళు రాత్రిళ్ళు జాగారం చేస్తున్నారంటే, నా లెక్కలో కారణం ఒకటే. ఆ నాబు ఏం చేస్తుందన్నది వాళ్ళు తలకిందులుగా అర్థం చేసుకున్నారు.

టోను నాబు పదిలో పెడితే ట్రెబుల్ పెరుగుతుందని చాలామంది నమ్మకం. పెరగదు. మామూలు గిటార్లో బ్యాటరీ ఉండదు, పెంచే సరంజామా ఏదీ ఉండదు. ఆ నాబుకి చేతనయింది పారబోయడం ఒక్కటే. తీగల కంపనాన్ని పట్టే పికప్ నుంచి వచ్చిన ధ్వనిలో సన్నటి, పదునైన భాగాన్ని అది గ్రౌండుకు వదిలేస్తుంది. సున్నాలో ఉంటే దారి పూర్తిగా తెరుచుకున్నట్టు, పదిలో ఉంటే దాదాపు మూసుకున్నట్టు.

చెరువు తూముకు వల కట్టడం చూశారా? తలుపు ఎంత ఎత్తితే అంత నీరు కాలవలోకి పోతుంది. ఆ నీటితో పాటు చిన్న చేపలు వల కళ్ళల్లోంచి జారిపోతాయి, పెద్దవి చెరువులోనే మిగులుతాయి. టోను సర్క్యూట్ ఇదే. పాట్ తూము తలుపు. కెపాసిటర్ వల. ట్రెబుల్ చిన్న చేపలు, బేస్ పెద్ద చేపలు, గ్రౌండు కాలవ. ఇక ఏ లోపమైనా మూడు రకాల్లో ఒకటవుతుంది. తలుపు తెరుచుకోదు, లేదా మూసుకోదు, లేదా వల చిరిగిపోయి చేపలన్నీ పోతాయి. మిగతావన్నీ వీటికి పిల్లలే.

వల కన్ను ఎంతో అంకెల్లో చూస్తారా? రెండు చుట్టలుండే హంబకర్ పికప్పులున్న గిటార్లలో ఎక్కువగా కనిపించే కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్. గిటారు లావు తీగను ఊరికే మీటితే సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. ఆ స్వరానికి ఈ కెపాసిటర్ చూపించే అడ్డు 88 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది. 5,000 హెర్ట్‌జ్ దగ్గర ఖణేల్‌మనే శబ్దానికో? ఒకటిన్నర కిలో ఓమ్‌లు కూడా ఉండదు. ఒకే వస్తువు, ఒకరికి గోడ, ఇంకొకరికి గుమ్మం. ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్పుల గిటార్లలో 0.047 ఎక్కువగా వాడతారు. 1954 నాటి తొలి స్ట్రాటోకాస్టర్లలో అయితే 0.1 పెట్టారు. విలువ పెరిగేకొద్దీ సున్నా దగ్గర గొంతు మరింత బరువెక్కుతుంది.

పికప్ సంగతీ ఓ ముక్క చెప్పుకోవాలి. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి దేశాలు తిరిగారు కదా, ఆ వాద్యం పలికిందీ ఈ సూత్రం మీదే. పుట్టే వోల్టేజి వోల్టులో చిన్న ముక్క. కాబట్టి గిటారు లోపల వేలు పెడితే షాకు కొడుతుందన్న భయం అక్కర్లేదు. శబ్దం పెంచే ఆంప్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

మా పై అంతస్తులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడున్నాడు. రెండు హంబకర్లు, ఒక వాల్యూం, ఒక టోను ఉన్న గిటారు వాడిది. ఓ ఆదివారం దాన్ని చంకన పెట్టుకుని దిగొచ్చాడు.

"అంకుల్, టోను తగ్గిస్తుంటే సౌండే తగ్గిపోతోంది. సున్నాకి తెస్తే అసలేమీ వినపడట్లేదు."

"మొద్దుగా అయినా వినపడట్లేదా?"

"లేదంకుల్. చచ్చినట్టు పడుంటోంది. పికప్ కాలిపోయిందంటారా? మా ఫ్రెండు కొత్త పికప్పులు ఆర్డర్ పెట్టమంటున్నాడు."

ఇదీ మన వాళ్ళ పద్ధతి! వల చిరిగితే చెరువే మార్చమంటారు. సున్నాలో మొద్దుబారకుండా మొత్తం మాయమవుతోందంటే, కెపాసిటర్‌ను తప్పించుకుని సిగ్నల్ సరాసరి గ్రౌండులోకి పోతోందన్నమాట. పికప్‌కి ఈ పాపంలో భాగం లేదు. వాడికి మాటలతో చెబితే నమ్మేలా లేడని మల్టీమీటరు తీశాను.

గిటారు విప్పకుండానే చేసే ఈ పరీక్ష నాకు మహా ఇష్టం. మీరూ నేర్చుకోండి. గిటారుకు కేబుల్ తగిలించండి. రెండో కొస ఆంప్‌కి పెట్టకండి, చేత్తో పట్టుకోండి. మీటరును 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టి, ఒక పుల్ల జాక్ మొన మీద, ఇంకోటి దాని ఒంటి మీద ఆనించండి. వాల్యూం పదిలో ఉండాలి. సింగిల్ కాయిల్ అయితే ఆరు కిలో ఓమ్‌లకు అటూ ఇటూ, హంబకర్ అయితే ఏడెనిమిది చూపిస్తుంది. అంత చూపించిందంటే పికప్ నిక్షేపంగా ఉంది. ఇప్పుడు మీటరు చూస్తూ టోను నాబును మెల్లగా సున్నాకు తిప్పండి. అంకె కదలకూడదు! మీటరు పంపేది ఒకే దిక్కుకు పోయే డీసీ కరెంటు, కెపాసిటర్ దాన్ని పోనివ్వదు. కాబట్టి టోను ఎంత తిప్పినా మీటరుకు తెలియదు, తెలియకూడదు. అంకె పడిపోతోందంటే కెపాసిటర్ షార్ట్ అయినట్టు, లేదా దాన్ని ఏదో దాటేస్తున్నట్టు.

కుర్రాడి గిటార్లో ఎనిమిది దగ్గర మొదలైన అంకె నాబు తిప్పుతుంటే జారుతూ జారుతూ సున్నాకి వచ్చి కూర్చుంది. వాడి మొహం చూడాలి! పికప్పుల ఖర్చు మిగిలినందుకు కాదు, ఫ్రెండును ఏడిపించడానికి ఒక సాక్ష్యం దొరికినందుకు.

వెనక మూత నాలుగు స్క్రూలు విప్పాం. పాట్‌కి మూడు కాళ్ళుంటాయి. నడిమి కాలి నుంచి కెపాసిటర్ బయల్దేరి పాట్ వీపు మీద సోల్డర్ అయి ఉంది. ఆ వీపే గ్రౌండు. కెపాసిటర్ పై కాలు తొడుగు లేకుండా పొడుగ్గా ఉంది, వంగి ఆ వీపునే తాకుతోంది. దాంతో కెపాసిటర్ ఉన్నా లేనట్టే. అసలు ఎందుకు వంగింది? బయట నాబు కింద నట్టు వదులైంది. నాబు తిప్పినప్పుడల్లా పాట్ మొత్తం చెక్కలో గిర్రున తిరుగుతూ తీగల్ని మెలితిప్పింది. గిటార్లో జరిగే నష్టాల్లో సగం ఈ నట్టు దగ్గరే మొదలవుతాయని నా అనుమానం. పాత వైరు మీది ప్లాస్టిక్ తొడుగు చిన్న ముక్క కోసి ఆ కాలికి తొడిగి, నట్టు బిగించాం. ఐపోయింది. ఒక్క పైసా ఖర్చు లేదు.

"మరి ఫ్రెండు..." అన్నాడు కుర్రాడు.

"వాడి గిటార్ కూడా పట్రా, చూద్దాం" అన్నాను.

తెచ్చాడు కూడా! వాడిది స్ట్రాటోకాస్టర్ బాపతు, ముద్దుగా స్ట్రాట్. నాబు తిప్పితే ఏమీ జరగదు, అంటే తూము తెరుచుకోదు. దీనికి దోషులు చాలామంది ఉంటారు. సోల్డర్ పైకి అంటినట్టే ఉండి లోపల పట్టు లేకుండా ఉంటుంది, టీవీ మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. లేదా కెపాసిటర్ కాలు విరిగి ఉంటుంది. లేదా పాట్ వీపుకు గ్రౌండు తీగే రాదు. లేదా ఎవరో 223 బదులు 222 రాసి ఉన్న కెపాసిటర్ వేసి ఉంటారు. ఆ అంకెలు చూస్తే తేడా ఒక్కటే అనిపిస్తుంది. కానీ చివరి అంకె ఎన్ని సున్నాలు చేర్చాలో చెబుతుంది: 223 అంటే 22,000 పికోఫారడ్లు, అంటే మన 0.022. 222 అయితే అందులో పదో వంతు. వల కన్ను అంత సన్నమైతే చేపపిల్ల కూడా దూరదు. 0.047 కావాలంటే 473 అని, 0.1 కావాలంటే 104 అని చూసి తీసుకోవాలి.

స్ట్రాట్‌లో ఒక సుళువుంది. అందులో టోను నాబులు రెండు, సంప్రదాయం ప్రకారం కెపాసిటర్ మాత్రం ఒక్కటే, రెండూ దాన్నే పంచుకుంటాయి. రెండు టోన్లూ ఒకేసారి మూగబోతే కెపాసిటర్‌నో దాని గ్రౌండునో అనుమానించండి. ఒకటి పనిచేస్తూ ఒకటి చెయ్యకపోతే కెపాసిటర్ నిర్దోషి. చెయ్యని పాట్‌నీ, దాన్నుంచి పికప్పులు ఎంచుకునే స్విచ్చికి పోయే తీగనీ చూడండి. పోలీసువాళ్ళు కూడా ఇంత తొందరగా తేల్చరు.

ఇంకో పరీక్ష చెప్తాను. ఆంప్ వాల్యూం తక్కువగా పెట్టి, చేతిలో విడిగా ఒక మంచి కెపాసిటర్ తీసుకుని, మొసలి క్లిప్పులతో ఒక కాలు వాల్యూం పాట్ మీద పికప్ తీగ వచ్చే కాలికి, రెండోది గ్రౌండుకు తగిలించండి. గొంతు వెంటనే మొద్దుబారితే పికప్పు, గ్రౌండు రెండూ బాగున్నట్టు, తప్పు పాత కెపాసిటర్‌లోనో టోను పాట్‌లోనో ఉన్నట్టు. పాట్‌ని తేల్చాలంటే మీటరుతో, వాడుకలో ఉన్న రెండు కాళ్ళ మధ్య కొలవండి. పదిలో 250 కిలో ఓమ్‌ల పాట్ 250కి దగ్గర, 500ది 500కి దగ్గర చూపించాలి. ఇరవై శాతం అటూ ఇటూ మామూలే. సున్నాలో సున్నాకి రావాలి. ఖచ్చితంగా కొలవాలంటే కెపాసిటర్ ఒక కాలు ఊడదీయండి.

పదిలో పెడితే మొద్దు, సున్నాలో పెడితే పదును అంటే మాత్రం బెంగ వద్దు. పక్క కాళ్ళలో ఒకదాని బదులు ఇంకోదానికి తీగ వేశారంతే. మార్చి వెయ్యండి. పటాల్లో పాట్‌ని వెనక వైపు నుంచి చూసినట్టు గీస్తారు, మనం ముందు నుంచి ఊహించుకుంటాం. అక్కడే బోల్తా.

ఎప్పుడూ మొద్దుగానే ఉంటే? తలుపు మూసుకోవట్లేదు. పాట్ కాలు వంగి వీపుకు తగిలిందా, కెపాసిటర్ పాట్ ఊసే లేకుండా నేరుగా గ్రౌండుకు పోతోందా చూడండి. ఇక మనుషులకు పిచ్చెక్కించే రకం ఒకటుంది. పిక్‌గార్డు, అంటే ముందు వైపు మూత, విప్పి చూస్తే అంతా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బిగిస్తే చెయ్యదు. మళ్ళీ విప్పితే చేస్తుంది. హమ్మింగ్ తగ్గాలని లోపల గుంటంతా రాగి టేపు అంటించుకున్న గిటార్లలో ఇది ఎక్కువ. టేపు గ్రౌండుకు కలిసి ఉంటుంది, మూత బిగించగానే పాట్ కాలో స్విచ్చి కాలో వెళ్ళి దాన్ని ముద్దు పెట్టుకుంటుంది. ఆ చోట ఓ ముక్క ఇన్సులేషన్ టేపు అంటిస్తే సరి.

నాబు తిప్పుతుంటే కరకరమంటే దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ పాట్ సందులో కొంచెం కొట్టి నాలుగు సార్లు అటూ ఇటూ తిప్పండి. అక్కడితో ఆగకపోతే పాట్ మార్చండి, అంతకు మించి దానికి సేవలు అక్కర్లేదు.

పది నుంచి రెండు దాకా తిప్పినా తేడా తెలియక, రెండు నుంచి సున్నాకి వచ్చేసరికి ఒక్కసారిగా అంతా మారిపోతోందా? పాట్ వీపు మీద ఏం రాసుందో చూడండి. బి500కె అని ఉంటే అది సమంగా పెరిగే రకం. నాబు సగంలో ఉన్నప్పుడు ఇంకా 250 కిలో ఓమ్‌లు అడ్డుగా ఉంటాయి, చేపలు కదలవు. ఏ500కె అయితే సగం దగ్గర 50, 75 కిలో ఓమ్‌ల మధ్యకు దిగొస్తుంది. టోనుకి ఏ రకమే మేలని నా ఓటు.

ఇన్ని చెప్పాను గానీ, లోపమే కాని లోపాలు కొన్నున్నాయి. సంప్రదాయ స్ట్రాట్‌లో తీగల కింది కొస దగ్గరుండే బ్రిడ్జి పికప్‌కి టోను నాబే లేదు. ఉన్న రెండూ గిటారు మెడ వైపుండే నెక్ పికప్‌కీ, మధ్య పికప్‌కీ. బ్రిడ్జి మీదకు స్విచ్చి తోసి, టోను తిప్పి, "పనిచెయ్యట్లేదు" అని గిటారు విప్పేసినవాళ్ళు బోలెడుమంది. పుట్టుకే అంత బాబూ! పాత టెలికాస్టర్ల కథ ఇంకా తమాషా. 1950 నుంచి 1952 దాకా రెండో నాబు టోనే కాదు, రెండు పికప్పుల్నీ కలిపే నాబు. 1952 నుంచి టోను వచ్చింది గానీ, 1967 దాకా స్విచ్చిని నెక్ వైపు చివరికి తోస్తే ఒక కెపాసిటర్ శాశ్వతంగా అడ్డం పడి ముక్కు మూసుకున్న గొంతు వచ్చేది, అక్కడ టోను నాబు తిప్పినా వినేది కాదు. ఆ కాలపు గిటారుకు అచ్చంగా నకలు తీసి అమ్మేవి ఇప్పటికీ దొరుకుతాయి. అది తెలియక కొన్నవాడు తలపట్టుకుంటే తప్పు వాడిదీ కాదు, గిటారుదీ కాదు.

గిబ్సన్ లెస్ పాల్ బాపతు గిటార్లకి రెండు వాల్యూంలు, రెండు టోన్లు. స్విచ్చి మధ్యలో ఉన్నప్పుడు ఒక వాల్యూం సున్నా చేస్తే రెండు పికప్పులూ నోరు మూసుకుంటాయి. అదీ లోపం కాదు, తీగలు అలా కలిపారు. వాల్యూం తగ్గించినప్పుడు ట్రెబుల్ కూడా చచ్చిపోతోందని బాధపడేవాళ్ళు టోను తీగను వాల్యూం పాట్‌లో సిగ్నల్ వచ్చే కాలి నుంచి తీసి, సిగ్నల్ బయటికి పోయే నడిమి కాలికి మారుస్తారు. 1950ల గిబ్సన్లలో అలా ఉండేది. ట్రెబుల్ కొంత నిలుస్తుంది, బదులుగా టోను తిప్పితే వాల్యూం కూడా కాస్త కదులుతుంది. నాకైతే ఆ బేరం బాగానే ఉందనిపిస్తుంది.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్పులకు ఈ లెక్కలేవీ చెల్లవు. వాటికి 25 కిలో ఓమ్‌ల పాట్లు వాడతారు. మామూలు పికప్‌కి పొరపాటున 25ది వేస్తే గొంతు నొక్కుకుపోతుంది.

ఇక సోల్డరింగ్. ముందు సెల్‌ఫోన్‌తో లోపలంతా నాలుగు ఫొటోలు తీయండి, తర్వాతే వేడి చెయ్యండి. పాట్ వీపు పెద్ద ఇనుప ముక్క, వేడిని తాగేస్తుంది. 25 వాట్ల ఐరన్‌తో నిమిషం సేపు ఆనించి కూర్చుంటే సోల్డర్ అంటదు సరికదా లోపలి పట్టీ కాలుతుంది. 40, 60 వాట్లది పెట్టి రెండు మూడు సెకన్లలో పని ముగించడం మేలు. అంతకు ముందు వీపును గరుకు కాయితంతో గీకండి. రోజిన్ ఉన్న లెడ్డు వాడండి. పైపులకి వాడే యాసిడ్ పేస్టు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, కొన్నాళ్ళకు రాగిని తినేస్తుంది. నాబు ఊడకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి, చెక్కకు గాటు పడుతుంది. పలచటి గుడ్డ నాబు కింద చుట్టూ దూర్చి రెండు కొసలూ పట్టుకుని పైకి లాగితే ఊడొచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి సామాను గురించి చింతే లేదు, కోఠి గుజరాతీ గల్లీ ఉంది. పాట్, కెపాసిటర్, లెడ్డు, మీటరు అన్నీ ఒక్క సందులో. అక్కడ గిటారు అని చెప్పకండి, "500కె పాట్, 223 కెపాసిటర్" అనండి చాలు. కెపాసిటర్ ఖరీదు చిల్లర. ఇక్కడే ఓ మాట. 1950ల గిబ్సన్లలో చారల చారల కెపాసిటర్లు ఉండేవి, బంబుల్‌బీ అని ముద్దుపేరు. వాటిని ఇవాళ వేలకు వేలు పోసి కొంటారు. నూనెలో నానిన కాయితం కెపాసిటర్ వేస్తే గొంతులో తేనె కురుస్తుందంటారు. గిటార్లో వోల్టేజి ఎంతని? 50 వోల్టుల కెపాసిటర్ ఎక్కువే. 400, 600 వోల్టులవి వాల్వుల కాలపు అలవాటు, బరువు తప్ప లాభం లేదు. వినపడేది దాని విలువ. 0.022 అని రాసింది నిజంగా 0.022 ఉందా అన్నది ముఖ్యం. చవక సెరామిక్‌లలో ఇరవై శాతం తేడా ఉండొచ్చు, మీటరుకు కెపాసిటర్ కొలిచే సదుపాయం ఉంటే పదింట్లో మంచిది ఏరుకోండి. తేనె మాట నేను నమ్మను. నమ్మేవాళ్ళతో గొడవా పడను, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం.

హమ్మింగ్ సంగతి చెప్పకుండా వదిలితే మీరు ఊరుకోరు. తీగల మీద చెయ్యి వెయ్యగానే గుయ్‌మనే మోత తగ్గితే అది మామూలే. మన ఒళ్ళే ఏంటెన్నాలా మోత పట్టి గిటారుకు అంటిస్తుంది, తీగలు గ్రౌండుకు కలిసి ఉన్నాయి కాబట్టి ముట్టుకోగానే మన ఒళ్ళూ గ్రౌండవుతుంది. ముట్టుకుంటే తగ్గకపోతే బ్రిడ్జి కింద గ్రౌండు తీగ ఊడి ఉంటుంది. ముట్టుకుంటే పెరిగితే జాక్ దగ్గర రెండు తీగలూ తారుమారయ్యాయేమో చూడండి.

ఇందాక ఆంప్ సంగతి తర్వాత అన్నాను. గిటార్లో భయం లేదు గానీ, మన గోడలో ఉన్నది 230 వోల్టులు. ఆంప్ మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గులో దూర్చడం, అసలు ఎర్తే లేని సాకెట్టు వాడటం మన దగ్గర మామూలైపోయింది. గిటారు తీగలు చేతిలో ఉండగా మైకుకు పెదవి తగిలి చురుక్కుమంటే నవ్వి వదిలెయ్యకండి, ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఆ చురుకు ప్రాణం తీసే దాకా పోగలదు. వాల్వు ఆంప్ అయితే ప్లగ్గు పీకేశాక కూడా లోపల కెపాసిటర్లలో మూడు నాలుగు వందల వోల్టులు నిల్వ ఉండొచ్చు. దాని మూత జోలికి మీరు పోకండి.

సరే, బాగైంది. ఇప్పుడేం చేస్తారు? మళ్ళీ పదికి తిప్పి వదిలేస్తారా? అందుకోసమా ఇంత శ్రమ! జాజ్ గిటారిస్టులు ఈ నాబు తగ్గించే ఆ గుండ్రటి గొంతు తెచ్చుకుంటారు. 1967లో క్రీమ్ బృందంలో ఉండగా ఎరిక్ క్లాప్టన్ గిబ్సన్ గిటారు టోను పూర్తిగా తగ్గించి, ఆంప్‌ను మాత్రం బాగా పెంచి, ఉమన్ టోన్ అని పేరుపడ్డ గొంతు రాబట్టాడు. అందులో చిన్న లెక్కుంది. టోను సున్నాలో పెడితే ట్రెబుల్ పోవడమే కాదు, పికప్ తీగ చుట్టా, కెపాసిటరూ జతకట్టి ఒకచోట కొత్తగా ఉబ్బు తెస్తాయి. హంబకర్‌లో 0.022తో అది దాదాపు 500 హెర్ట్‌జ్ దగ్గర పడుతుంది, మనిషి గొంతు పలికే ప్రాంతం. ముక్కుతో పాడుతున్నట్టుండే ఆ రుచి అక్కడిది. ఒక్క పాయింటు పైకి తిప్పినా అది పల్చబడిపోతుంది, కాబట్టి మొహమాటపడకుండా సున్నా దాకా వెళ్ళండి.

రాయ్ బ్యూకనన్ టెలికాస్టర్ మీద వాయిస్తూనే నాబుల్ని తిప్పుతూ గిటారు చేత వా వా అనిపించేవాడు. టెలికాస్టర్‌లో నాబులు చిటికెన వేలికి అందేంత దగ్గర్లో ఉంటాయి, అదో సౌకర్యం. ఆ విద్య మీకూ కావాలంటే పాట్ తేలిగ్గా తిరిగేది కావాలి. కొన్ని పాట్లు జిగురు పోసినట్టు బిగుసుకుని ఉంటాయి, అవి చిటికెన వేలి మాట వినవు. అందుకని గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు ప్యాకెట్లోంచి తీసి, ఐదారు పాట్లు వేళ్ళతో తిప్పి చూసి, హాయిగా తిరిగేది పక్కన పెట్టుకోండి. దుకాణదారు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.